చైనా భాష రాని చైనా విదేశాంగ మంత్రి

తెలుగునాట నూడుల్స్ పేరుగా మాత్రమే వినిపించే ‘హక్కా’ నిజానికి దక్షిణ చైనాలోని ఒక జనసముదాయం పేరు. ఉత్తరాది నుంచి వలస వచ్చినందున, అతిథి కుటుంబాలన్న అర్థంలో ఆ పేరు స్థిరపడింది. 1878లో ట్రినిడాడ్ ద్వీపంలోని శాన్ ఫెర్నాండోలో జన్మించిన యూజీన్ చెన్ ఆ సముదాయానికి చెందినవారే. తైపింగ్ తిరుగుబాటులో పాల్గొన్న ఆయన తండ్రి, అది అణచివేతకు గురయ్యాక కరీబియన్ దీవులకు తరలివెళ్లారు. చెన్ విద్యాభ్యాసం, న్యాయవాద వృత్తి ఇంగ్లిషులోనే సాగాయి. చైనా భాష ఆయనకు జీవితాంతం పట్టుబడలేదు.

మంచూ రాచరికం పతనమైన 1912లో వృత్తిని విడిచి ఆయన చైనా చేరారు. పెకింగ్ గెజిట్ సంపాదకునిగా, జపాన్‌తో ప్రధాని దువాన్ చీరుయీ సాగిస్తున్న బేరసారాలను 1917లో బయటపెట్టి కారాగారం పాలయ్యారు. అనంతరం సన్ యట్‌సేన్‌కు విదేశాంగ సలహాదారు అయ్యారు. సన్ మరణానంతరం జాతీయ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి పదవి లభించింది.

ఆ పదవికి అసలైన పరీక్ష హాంకౌలో ఎదురైంది. యాంగ్‌ట్సీ తీరాన ఉన్న ఆ నగరంలో బ్రిటిష్ పాలన కింద ప్రత్యేక ప్రాంతం ఒకటి ఉండేది. 1927 జనవరి 3న అక్కడ బ్రిటిష్ నావికా సైనికులకూ జనానికీ ఘర్షణ జరిగింది. మరునాడు సైనికులు వెనుదిరగగా జనం లోనికి ప్రవేశించారు. తలుపు తెరిచింది జనమే. బ్రిటన్ అప్పటికే కొంత మెత్తబడిన మాటా వాస్తవమే. అయితే అల్లరిగా ముగిసిపోగల ఘటనను ఒప్పందంగా మలచినది చెన్. బ్రిటిష్ దౌత్యవేత్త ఓవెన్ ఒమాలీతో వారాల తరబడి, వలస పాలకుల భాషలోనే, వారి న్యాయశాస్త్ర పరిభాషలోనే వాదించి, ఫిబ్రవరి 19న హాంకౌను చైనాకు తిరిగి దక్కించారు. మరునాడే జ్యూజియాంగ్ విషయమూ తేలిపోయింది.

అదే సమయంలో షాంఘై రక్షణకు బ్రిటన్ తరలించిన బలగాలలో భారతీయ సైనికులూ ఉన్నారు. ఆ చర్యను భారత జాతీయ కాంగ్రెస్ ఆ ఏడాది మద్రాసు మహాసభలో ఖండించింది.

విజయం నిలవలేదు. కొద్ది నెలల్లోనే ఆ ప్రభుత్వం చీలిపోగా, సన్ సతీమణి సూంగ్ చింగ్‌లింగ్‌తో పాటు చెన్ మాస్కోకు వెళ్లిపోయారు. 1931 చివర నాన్‌జింగ్‌లో మళ్లీ విదేశాంగ మంత్రి అయినా అది వారాల ముచ్చటే. 1933లో చియాంగ్ కైషేక్‌పై తిరుగుబాటు చేసిన ఫూజియన్ ప్రభుత్వంలోనూ అదే పదవి. ఆ ప్రభుత్వం సుమారు రెండు నెలలకే కూలిపోయింది.

1941లో హాంకాంగ్‌ను ఆక్రమించిన జపాన్ సేనలు ఆయనను నిర్బంధించి షాంఘైకి తరలించాయి. జపాన్ ప్రాపకంలో నడిచిన ప్రభుత్వానికి మద్దతు పలికేందుకు నిరాకరించిన చెన్, 1944 మేలో గృహనిర్బంధంలోనే కన్నుమూశారు.