ఎడ్వర్డ్ మైనర్ గాలడెట్ మహాశయుని చరిత్రము

పాఠము చెప్పుట వేఱు, పాఠశాలను నడపుట వేఱు. చిరకాలము బడిలో జీవించిన మావంటివారికి ఈ భేదము చక్కగ తెలియును. అందును, వినికిడి లేని బాలుర పాఠశాలను నడపుటకు దయాళుత్వ మొక్కటే చాలదు. ప్రత్యేక శిక్షణము కావలయును. ఈ సత్యమును గ్రహించి కార్యరూపమున నిల్పిన అమెరికా విద్యావేత్త ఎడ్వర్డ్ మైనర్ గాలడెట్ చరిత్రమును చదువరులకు సంగ్రహముగ నివేదించుచున్నాము.

ఈయన 1837వ సంవత్సరమున హార్టుఫర్డు నగరమున జన్మించెను. తండ్రి థామస్ హాప్కిన్స్ గాలడెట్ 1817లో అచ్చటనే బధిరుల పాఠశాలను నెలకొల్పినవారిలో ముఖ్యుడు. తల్లి సోఫియా పుట్టుకతోనే బధిరురాలు. కావున హస్తసంజ్ఞలు ఈ బాలునకు తల్లి యొడిలో నబ్బిన భాష.

1857లో, ఇరువదేండ్ల ప్రాయముననే, ఈయన వాషింగ్టను నగరమందలి బధిరాంధ పాఠశాలకు అధిపతి యయ్యెను. తల్లియు అచ్చట నుండి పిల్లల యోగక్షేమములు చూచుచుండెను. 1864 ఏప్రిలు 8వ తేదీన, అంతర్యుద్ధము సాగుచుండగనే, అధ్యక్షుడు అబ్రహాము లింకను చట్టముపై సంతకము చేసెను. దానివలన ఆ సంస్థకు పట్టము లొసగు నధికారము లభించి, బధిరుల కళాశాల వెలసెను. 1894లో దానికి గాలడెట్ తండ్రిపేరు పెట్టిరి.

1880లో మిలాను నగరమున జరిగిన మహాసభ బధిరులకు వాక్కు ద్వారమున మాత్రమే విద్య గఱపవలెనని తీర్మానించెను. గాలడెట్ దాని నెదిర్చెను. వాక్కును సంజ్ఞలును రెండును బోధనమున నుండవలె నని ఈయన మతము. అట్టి బోధనము నెఱిగిన గురువులు ఎక్కడనుండి వత్తురు? 1891లో కళాశాలయందు నార్మల్ శాఖ నారంభించి, పట్టభద్రులను చేర్చుకొని, బోధనాభ్యాసము గరపించెను. టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రహాంబెల్ దీనికి ధనమీయరాదని శాసనసభ్యుల యెదుట వాదించెను. అయినను శాఖ నిలిచెను. అందు శిక్షణము పొందిన పెర్సివల్ హాల్ అను హార్వర్డు పట్టభద్రుడు 1910లో గాలడెట్ తరువాత కళాశాలాధ్యక్షుడై, 1945 వఱకు పాలించెను.

ఇచ్చట నొక లోపమును దాచుట ధర్మము కాదు. ఆ శాఖ వినగలవారికే యేర్పడినది. బధిరులకు ప్రవేశము లేకుండెను. ఎవరికై పాఠశాల యున్నదో వారికే పాఠశాలాధిపత్యమునకు మార్గము మూసియుండెను. ఈ తలుపు బరువు ఎంతటిదో కాలము చూపినది. గాలడెట్ 1917లో కీర్తిశేషు డయ్యెను. 1988 మార్చిలో విద్యార్థులు వినగల అధ్యక్షురాలి నియామకమును నిరసించి విశ్వవిద్యాలయద్వారములను మూసివేయగా, ఆమె వైదొలగెను; ఐ. కింగ్ జోర్డన్ అను బధిరుడు అధ్యక్షు డయ్యెను. కళాశాల పుట్టిన 124 ఏండ్లకు ఇది సిద్ధించెను.

ఈ సంచికను చదువు యువజనులలో రేపు పాఠశాలల భారము వహింపబోవువారు కొంద ఱుందురు. అధిపత్యమునకు శిక్షణ మవశ్యమని ఈ మహనీయుని కృషివలనను, ఆ శిక్షణమునకు ఎవ్వరిని దూరము చేయరాదని ఆయన విడిచిన లోపమువలనను వారు నేర్చుకొందురు గాక యని కోరుచున్నాము.