కొత్తవారికా, నిపుణులకా? జాబ్స్‌ను వెన్నాడిన ప్రశ్న

కంప్యూటర్‌ను సామాన్యుని ఇంటికి చేర్చాలన్న లక్ష్యంతో వ్యాపారం ప్రారంభించిన ఆపిల్ సంస్థ సహవ్యవస్థాపకుడు స్టీవ్ జాబ్స్ తన జీవితంలో అధికభాగం ఒకే ప్రశ్నతో పెనుగులాడారు. కంప్యూటర్‌ను మున్నెన్నడూ ముట్టని కొత్తవారికి దానిని అమ్మాలా, లేక దానితోనే జీవనోపాధి పొందే ముద్రాపకులు, చిత్రకారులు, సినిమా ఎడిటర్లకు అమ్మాలా అన్నదే ఆ ప్రశ్న. సరైన సమాధానం దొరికేలోగా ఆయన రెండుసార్లు దెబ్బతిన్నారు.

1955 ఫిబ్రవరి 24న శాన్‌ఫ్రాన్సిస్కోలో జన్మించిన జాబ్స్‌ను పాల్, క్లారా జాబ్స్ దంపతులు దత్తత తీసుకున్నారు. రీడ్ కళాశాలలో చదువును మధ్యలోనే వదిలివేసినప్పటికీ, అక్షరాలను అందంగా లిఖించే కళను అక్కడే అభ్యసించారు. 1974లో ఆధ్యాత్మిక అన్వేషణలో భారతదేశానికి వచ్చి నైనితాల్ సమీపంలోని కైంచీ ఆశ్రమాన్ని సందర్శించారు. అయితే ఆయన దర్శించదలచిన నీమ్ కరోలీ బాబా అంతకు ముందు సంవత్సరమే కన్నుమూశారు. స్వదేశానికి తిరిగి వెళ్లిన జాబ్స్ 1976 ఏప్రిల్ 1న మిత్రుడు స్టీవ్ వోజ్నియాక్ తదితరులతో కలసి ఆపిల్‌ను నెలకొల్పారు. 1977లో విడుదలైన ఆపిల్-2 సంస్థకు సిరులు కురిపించింది.

1984 జనవరిలో ఆయన విడుదల చేసిన మాకింతోష్ పూర్తిగా కొత్తవారిని ఉద్దేశించినది. ఆదేశాలను కంఠస్థం చేయనవసరం లేకుండా, తెరపై కనిపించే బొమ్మలను మౌస్‌తో సూచించి పని చేయించుకోవచ్చు. కాని దాని ధర 2,495 డాలర్లు. మెమరీ 128 కిలోబైట్లు మాత్రమే. పైగా దానిని కొనుగోలుదారు స్వయంగా పెంచుకునే వీలు కల్పించలేదు. సామాన్యునికి ధర అందలేదు, నిపుణునికి సామర్థ్యం చాలలేదు. తొలి మోజు తీరగానే అమ్మకాలు మందగించాయి. ఈ నేపథ్యంలో సంస్థ అధ్యక్షుడు జాన్ స్కల్లీతో తలెత్తిన విభేదాల ఫలితంగా 1985 సెప్టెంబర్‌లో జాబ్స్ ఆపిల్‌ను వీడవలసి వచ్చింది.

అదే సంవత్సరం మార్కెట్‌లోకి వచ్చిన లేజర్‌రైటర్ ప్రింటర్, ఆల్డస్ సంస్థ రూపొందించిన పేజ్‌మేకర్ మాకింతోష్‌ను గట్టెక్కించడం గమనార్హం. చిన్న పత్రికలు, ప్రచురణకర్తలు తమ పుటలను తామే కూర్చుకోవడం ప్రారంభించారు. అనంతర కాలంలో తెలుగునాట ప్రతి పట్టణంలోనూ వెలసిన డి.టి.పి. కేంద్రాలకు అన్నంపెట్టిన పేజ్‌మేకర్ తొలుత వెలువడింది మాకింతోష్ కోసమే. ఇంటి కోసం తయారుచేసిన యంత్రాన్ని నిలబెట్టినది వృత్తి నిపుణులే.

ఆపిల్ నుంచి బయటపడిన జాబ్స్ ఈసారి నిపుణుల వైపు మొగ్గారు. నెక్స్ట్ సంస్థను స్థాపించి 1988లో విశ్వవిద్యాలయాల కోసం 6,500 డాలర్ల కంప్యూటర్‌ను ఆవిష్కరించారు. వరల్డ్ వైడ్ వెబ్‌కు టిమ్ బెర్నర్స్-లీ రూపకల్పన చేసినది ఈ యంత్రంపైనే. అయినప్పటికీ కొనుగోలుదారులు కరవై 1993లో యంత్రాల తయారీని నిలిపివేయవలసి వచ్చింది. 1986లో ఆయన కొనుగోలు చేసిన పిక్సార్‌లోనూ ఖరీదైన గ్రాఫిక్స్ కంప్యూటర్లు అమ్ముడుపోలేదు. అక్కడి యానిమేషన్ కళాకారులు 1995లో విడుదలైన టాయ్ స్టోరీ చిత్రంతో ఆ సంస్థను నిలబెట్టారు.

నెక్స్ట్‌ను కొనుగోలు చేసేందుకు 1996 డిసెంబర్‌లో ఆపిల్ అంగీకరించడంతో జాబ్స్ పునరాగమనానికి మార్గం సుగమమైంది. 1997 ఆర్థిక సంవత్సరంలో ఆపిల్ నష్టం నూరు కోట్ల డాలర్లు దాటింది. ఏ యంత్రం ఎవరి కోసమో విక్రేతలకే బోధపడనన్ని నమూనాలు అప్పట్లో ఉండేవి. జాబ్స్ వాటిలో అధికభాగాన్ని రద్దుచేసి, నాలుగు గళ్ల పట్టికను ముందుంచారు. గృహ వినియోగదారులకు రెండు, నిపుణులకు రెండు. ప్రతి వర్గానికీ బల్లపై ఉంచేది ఒకటి, వెంట తీసుకువెళ్లేది ఒకటి. ఈ పునర్వ్యవస్థీకరణలో వేలాది మంది ఉద్యోగాలు కోల్పోయారు.

1998 ఆగస్టులో 1,299 డాలర్లకు విడుదలైన ఐమాక్ సంవత్సరాంతానికి దాదాపు 8 లక్షలు అమ్ముడైంది. కొన్నవారిలో సుమారు మూడోవంతు మంది తొలిసారి కంప్యూటర్ కొంటున్నవారే. అదే సమయంలో ముద్రణ, చిత్రకళా రంగాలవారికి పవర్ మాకింతోష్ జి3 కొనసాగింది. 1998లో సంస్థ తిరిగి లాభాల బాట పట్టింది. 1999లో ఇంటి వీడియోల కోసం ఐమూవీని, సినిమా ఎడిటర్ల కోసం ఫైనల్ కట్ ప్రోను వేర్వేరుగా విడుదల చేయడం ఈ విధానానికి కొనసాగింపే.

అయితే ఈ విభజన రేఖ చివరి వరకూ నిలవలేదు. 2001లో వచ్చిన ఐపాడ్, 2007లో వచ్చిన ఐఫోన్ సంస్థను సామాన్య వినియోగదారుల వైపు మళ్లించాయి. 2011 జూన్‌లో ఫైనల్ కట్ ప్రోను సమూలంగా మార్చి, తక్కువ ధరకు సరళమైన రూపంలో విడుదల చేయగా, పాత ప్రాజెక్టులు అందులో తెరుచుకోకపోవడంతో ఎడిటర్లు తీవ్ర అసంతృప్తి వ్యక్తం చేశారు. తొలగించిన సదుపాయాలలో పలు అంశాలను సంస్థ క్రమంగా పునరుద్ధరించవలసి వచ్చింది. ఈ వివాదం సద్దుమణగక ముందే, 2011 అక్టోబర్ 5న, క్లోమగ్రంథి వ్యాధితో పాలో ఆల్టోలోని స్వగృహంలో జాబ్స్ తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆయన వయస్సు 56 సంవత్సరాలు.