శ్రీశైలం నుంచి తాళ్లపాకకి: రాజు అడిగినా పాడని అన్నమయ్య

శ్రీశైలంలో మల్లన్న దర్శనం అయ్యాక తిరుపతికి కారులో వెళ్లేవాళ్లు చాలామందే ఉంటారు. ఈసారి వెళ్తే, రాజంపేట పక్కన తాళ్లపాకలో ఓ గంట ఆగాలని డ్రైవర్‌కి ముందే చెప్పండి. రాత్రిపూట నల్లమల అడవి దారి మూసేస్తారు కాబట్టి తెల్లారాకే బయల్దేరాలి. దోర్నాల, ఆత్మకూరు, నంద్యాల దాటాక ఆళ్లగడ్డ వస్తుంది. అహోబిలానికి దారి అక్కడే చీలుతుంది. అన్నమయ్య శఠగోప యతి దగ్గర వేదాంతం నేర్చుకున్నది ఆ అహోబిలంలోనే అంటారు. కడప, ఒంటిమిట్ట దాటితే రాజంపేట. అక్కడ రోడ్డు పక్కనే 108 అడుగుల అన్నమయ్య విగ్రహం కనిపిస్తుంది.

అన్నమయ్య 1408లో తాళ్లపాకలో పుట్టారు. తల్లి లక్కమాంబ, తండ్రి నారాయణసూరి. ఆ ఊరి చెన్నకేశవస్వామి గుడిని ఇప్పటికీ చూడొచ్చు. ఆయన జీవితాన్ని మనవడు చిన్నన్న ద్విపదలో రాశారు. ఆ కథ ప్రకారం, చిన్నప్పుడు ఇంట్లోవాళ్లు గడ్డి కోసుకురమ్మని పంపితే కొడవలి తగిలి వేలు తెగిందట. కొడవలి అక్కడే పారేసి, అటుగా పాడుకుంటూ వెళ్తున్న యాత్రికులతో కలిసి తిరుమలకి నడిచి వెళ్లిపోయారట. పదహారో ఏట, అంటే 1424లో, మొదలైన సంకీర్తనలు 1503లో ఆయన కన్నుమూసేదాకా ఆగలేదు. ఆయన భార్య తిమ్మక్క కూడా కవయిత్రే. సుభద్రా కళ్యాణం ఆవిడ రాసిందే.

అసలు పరీక్ష సాళువ నరసింహరాయల దగ్గర ఎదురైంది. స్వామి మీద అన్నమయ్య పాడిన ఓ శృంగార కీర్తన రాజుకి తెగ నచ్చింది. అలాంటిదే తన మీదా ఒకటి చెప్పమన్నాడు. తిండి పెట్టి, గౌరవించి, పల్లకీ ఎక్కించిన రాజు! అయినా అన్నమయ్య చెవులు మూసుకున్నారు. హరిని పాడిన నోటితో మనిషిని పొగడనన్నారు. రాజు సంకెళ్లు వేయించాడు. ఆయన స్వామినే తలచుకుని పాడితే అవి ఊడిపోయాయని, చివరికి రాజే కాళ్ల మీద పడ్డాడని చిన్నన్న చెబుతారు.

ఆయన పాటలు 32 వేలని ప్రతీతి. కొడుకు పెదతిరుమలయ్య వాటిని రాగిరేకుల మీద చెక్కించారు. ఆ రేకులు తిరుమల గుడిలో ఓ రాతి గదిలో ఉండిపోయి, 20వ శతాబ్దంలో గానీ లోకానికి తెలియలేదు. ఇప్పుడు మనకి దొరుకుతున్నవి 12 వేలకు పైనే. వాటి మీద రాగం పేరు ఉంది కానీ స్వరాలు లేవు. అన్నమయ్య ఎలా పాడారో మనకి ఎప్పటికీ తెలియదు. మన సీమకే చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, ఆ తర్వాత ఇంకొందరు విద్వాంసులు కొత్తగా బాణీలు కట్టారు.

అంటే మీ కారులో మోగే అన్నమయ్య పాటలో మాట 500 ఏళ్లనాటిది, బాణీ మాత్రం మన తాతల కాలంనాటిది. రాజుకి లొంగి ఉంటే ఆ ఒక్క పాటకీ అప్పటికప్పుడే బహుమానం దక్కేది. స్వామికే ఇచ్చిన పాటలు మాత్రం బాణీ పోయినా బతికాయి. తాళ్లపాకలో దిగినప్పుడు ఫోన్ ఓ ఐదు నిమిషాలు పక్కన పెట్టి, మీకొచ్చిన ఒక్క కీర్తన మీ గొంతుతోనే పాడండి. రాగం తప్పినా పర్లేదు.

ఓం నమో వేంకటేశాయ.