మదురా పాదం మర్మమెరిగిన మహావైద్యుడు – డాక్టర్ హెన్రీ వాన్‌డైక్ కార్టర్

మదురై పేరు వినగానే మీనాక్షి అమ్మవారి గోపురాలు, చిత్తిరై తిరునాళ్ళు మన కనుల ముందు నిలుస్తాయి. అయితే ప్రపంచ వైద్యగ్రంథాలలో ఆ పుణ్యక్షేత్రం పేరు ఒక వ్యాధితో కూడా ముడిపడి ఉన్నదన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆ వ్యాధి పేరు మదురా పాదం. చెప్పులు లేని కాళ్ళతో దుక్కి దున్ని, కలుపు తీసి, పశువులను మేపి బ్రతికిన మన పూర్వులకు తుమ్మముల్లు గుచ్చుకోవడం నిత్యానుభవమే. ఆ గాయం ద్వారా మట్టిలోని సూక్ష్మజీవి చర్మం క్రిందికి చేరితే ఈ వ్యాధి అంకురిస్తుంది. పాదం మెల్లమెల్లగా ఉబ్బి, రంధ్రాలు పడి, వాటి నుండి రసితో పాటు నలుపు, తెలుపు, ఎరుపు గింజలు వెలువడతాయి. పాదం మీద పుట్ట లేచినట్లుంటుంది గనుక పూర్వులు దీనిని పాదవల్మీకమన్నారు. మొదట్లో నొప్పి ఉండదు. అందువల్లనే రోగి ఉపేక్షిస్తాడు; ఎముక వరకు చెడిన తరువాత కాలు తీసివేయవలసి వస్తుంది.

మదురై వైద్యశాలలో పనిచేసిన జాన్ గిల్ అనే వైద్యుడు 1842లో ఈ వ్యాధిని వర్ణించారు. కాని దానికి మూలమేమిటో ఆనాడు తేలలేదు. ఆ మూలాన్ని వెదకి, వ్యాధికి నేటికీ నిలిచిన పేరు పెట్టిన మహనీయుడే డాక్టర్ కార్టర్.

కార్టర్ 1831వ సంవత్సరం మే 22వ తేదీన ఇంగ్లండులో జన్మించారు. తండ్రి హెన్రీ బార్లో కార్టర్ చిత్రకారుడు. తండ్రి నుండి సంక్రమించిన చిత్రకళ, లండనులోని సెయింట్ జార్జి ఆసుపత్రిలో నేర్చిన వైద్యవిద్య ఆయనలో గంగాయమునల వలె కలిశాయి. అక్కడి వైద్యుడు హెన్రీ గ్రే మానవ శరీర నిర్మాణంపై ఒక మహాగ్రంథం రచించగా, అందలి చిత్రాలను కార్టర్ గీశారు. 363 చిత్రాలతో 1858లో వెలువడిన ఆ గ్రంథం నేటికీ వైద్య విద్యార్థులకు పాఠ్యమే. కీర్తి మాత్రం గ్రే పేరునే వరించింది. కార్టర్‌కు దక్కినది ఒక్కసారి ఇచ్చిన 150 పౌనులు. ఆయన దానికై కలహించక, అదే సంవత్సరం వైద్యోద్యోగిగా బొంబాయి చేరి, గ్రాంట్ వైద్య కళాశాలలో శరీర శాస్త్రం బోధించసాగారు.

అక్కడి ఆసుపత్రికి ఉబ్బిన పాదాలతో వచ్చే పేద కర్షకులు ఆయన దృష్టిని ఆకర్షించారు. తొలగించిన పాదాలను కోసి, గింజలను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, చూసినదానిని చూసినట్లు చిత్రించారు. ఈ వ్యాధికి మూలం ఒక శిలీంధ్రమని 1860లో ప్రకటించి, దీనికి మైసిటోమా అని నామకరణం చేశారు. నల్లగింజల రకం, లేతరంగు గింజల రకం అని రెండు భేదాలను గుర్తించారు. ఈ పరిశోధన అంతటినీ 1874లో గ్రంథరూపంలో వెలువరించారు.

ఆయన కృషి ఇంతటితో ఆగలేదు. కుష్ఠురోగుల దుఃస్థితికి చలించి, నార్వే వెళ్ళి, 1873లో ఆ రోగకారక క్రిమిని కనుగొన్న హాన్సెన్ పరిశోధనలను తెలుసుకొని వచ్చారు. ధాత కరువు నాళ్ళలో పొట్ట చేతపట్టుకొని బొంబాయి చేరిన అన్నార్తులకు మళ్ళీ మళ్ళీ తిరగబెట్టే జ్వరం సోకగా, వారి రక్తంలో మరచుట్టు వంటి క్రిమిని చూపించారు. ఆ పరిశోధనలో ఆ జ్వరం ఆయనకూ సోకింది. అయినా కార్యదీక్ష వీడలేదు. 1888లో ఉద్యోగ విరమణ చేసి, 1897 మే 4వ తేదీన క్షయవ్యాధితో పరమపదించారు.

కార్టర్ చూపిన రెండు భేదాల వెనుక మరొక మర్మం దాగి ఉన్నది. లేతరంగు గింజలలో కొన్ని శిలీంధ్రం వల్ల గాక, బాక్టీరియా జాతి జీవుల వల్ల కలుగుతాయని తరువాతి శాస్త్రజ్ఞులు తేల్చారు. 1894లో విన్సెంట్ అనే ఫ్రెంచి వైద్యుడు అట్టి జీవికి మదురై పేరే పెట్టారు. ఈ తేడా పండితుల వాదానికి మాత్రమే పరిమితమైనది కాదు. రోగి కాలికి సంబంధించినది. బాక్టీరియా అయితే తగిన మందులతో చాలామందికి శస్త్రచికిత్స లేకుండానే నయమవుతుంది. శిలీంధ్రమైతే వేరే మందులు నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏళ్ళ తరబడి వాడవలసి ఉంటుంది. శస్త్రచికిత్స కూడా అవసరం కావచ్చు. పొరపడితే కాలం వ్యర్థం, కాలికి ముప్పు.

గింజను ప్రయోగశాలలో పెంచి గుర్తించడానికి వారాలు పడుతుంది. ఇప్పుడు పి.సి.ఆర్. వంటి పరీక్షలు గింజలోని డి.ఎన్.ఏ.ను అనేక రెట్లు పెంచి, ఆ జీవి ఏదో త్వరితంగా తెలుపగలవు. ఖరీదైన యంత్రం లేకుండా ఒకే ఉష్ణోగ్రత వద్ద జరిపే పరీక్షలను కూడా శాస్త్రజ్ఞులు రూపొందించారు. అయితే ఇవి ఎక్కువగా పెద్ద నగరాల ప్రయోగశాలలకే పరిమితం. వ్యాధి పల్లెలో, పరీక్ష పట్నంలో ఉండడమే నేటి లోపం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చినది 2016లోనే.

ఈ వ్యాధి ఒకరి నుండి మరొకరికి అంటుకోదు. కనుక దీనితో బాధపడే బాలుణ్ణి బడిలో గాని, ఇంటిలో గాని వేరుగా కూర్చోబెట్టడం అజ్ఞానం, అన్యాయం. పిల్లలకు చెప్పులు అలవాటు చేయడం, ముల్లు గుచ్చుకున్నచోట నొప్పిలేని గడ్డ కనిపిస్తే వెంటనే వైద్యునికి చూపడం తల్లిదండ్రుల ధర్మం. ఇతరులు చూడ జంకిన పాదాన్ని కార్టర్ చేతిలోకి తీసుకొని ఓర్పుతో పరిశీలించారు. ఆ చూపు మన విద్యార్థులకు అలవడుగాక!