ఒకే బల్ల దగ్గర కూర్చున్నందుకు
(క్లారెన్స్ జోర్డాన్ జీవిత కథ)



1950వ సంవత్సరం వేసవిలో మన దేశస్థుడైన ఒక విద్యార్థి అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక బాప్టిస్టు సంఘానికి ఆదివారం ఆరాధనకు వెళ్లాడు. వ్యవసాయ విద్య కోసం ఆ దేశం వెళ్లిన హిందూ యువకుడతడు. క్రైస్తవుల ఆరాధన ఎలా ఉంటుందో చూడాలని వచ్చాడు. అతని ఒంటి రంగు చూసి సంఘస్థులు నల్లజాతివాడనుకున్నారు. గుడిలో కలవరం పుట్టింది. కొన్ని వారాలకే అతణ్ణి తీసుకొచ్చిన కుటుంబాలను సంఘం వెలివేసింది. ఆ కుటుంబాలలో ఒకటి క్లారెన్స్ జోర్డాన్ గారిది.

క్లారెన్స్ 1912 జూలై 29న జార్జియాలోని టాల్బటన్ పట్టణంలో జన్మించారు. పదిమంది సంతానంలో ఏడవవారు. తండ్రికి బ్యాంకు, దుకాణం ఉండేవి. కలిగిన తెల్లవారి ఇల్లు. అయితే ఆ ఇంటి వెనుక కొద్ది దూరంలోనే జైలు ఉండేది. కాళ్లకు గొలుసులతో రోడ్డు పని చేసే ఖైదీలలో ఎక్కువమంది నల్లవారు. బడి నుండి వస్తూ ఈ పిల్లవాడు వారితో మాటలు కలిపేవాడు. ఒక వేసవిలో ఉజ్జీవ కూటాలు జరిగాయి. జైలు అధికారి పాటల బృందంలో నిలబడి ఎంతో భక్తితో పాడాడు. అదే రాత్రి జైలు నుండి ఒక ఖైదీ ఆర్తనాదాలు వినిపించాయి. బాధపడుతున్నది ఎవరో, బాధిస్తున్నది ఎవరో కూడా క్లారెన్స్‌కు తెలుసు. పాడిన నోరూ కొట్టించిన చెయ్యీ ఒకే మనిషివి. ఆ రాత్రిని ఆయన ఎన్నడూ మరచిపోలేదు.

పేద రైతులకు సాయపడాలని 1933లో వ్యవసాయ పట్టా పొందారు. తర్వాత లూయివిల్ నగరంలోని సదరన్ బాప్టిస్టు సెమినరీలో చేరి, కొత్త నిబంధన గ్రీకులో డాక్టరేటు సంపాదించారు. ఆ నగరంలో నల్లవారి పేటలలో సేవ చేశారు. తెల్లవాడు నల్లవారికి బోధించి సాయంత్రానికి తన ఇంటికి వెళ్లిపోతే ఎవరికీ అభ్యంతరం లేదు. వారితో కలిసి భోజనం చేయడమే నేరం. కానీ ఒకే బల్ల దగ్గర కూర్చోనివాడితో ఎదుటివాడు మనసు విప్పి మాట్లాడతాడా?

1942లో జోర్డాన్ దంపతులు, మార్టిన్ ఇంగ్లండ్ దంపతులు కలిసి అమెరికస్ పట్టణం దగ్గర 440 ఎకరాల పాడుబడిన భూమిలో ఒక వ్యవసాయ క్షేత్రం ప్రారంభించారు. ఇంగ్లండ్ గారు బర్మాలో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. మన తెలుగువారికి క్లౌ దొరగారిని పంపిన మిషనే ఆయననూ పంపింది. ఆ పొలానికి కొయినోనియా అని పేరు పెట్టారు. అపొస్తలుల కార్యములలో సహవాసము అని మనం చదివే గ్రీకు మాట అదే. అక్కడ తెల్లవారికీ నల్లవారికీ ఒకే కూలి, ఒకే భోజనపు బల్ల.

త్వరలోనే కొందరు తెల్లవారు వచ్చి, నల్లవారితో కలిసి తినేవారిపై ఇక్కడ సూర్యుణ్ణి అస్తమించనివ్వమని బెదిరించారు. క్లారెన్స్ నవ్వుతూ చెయ్యి చాపి, యెహోషువ తర్వాత సూర్యుణ్ణి ఆపగలవారిని చూడడం ఇదే మొదటిసారి అన్నారు. వచ్చినవారికి కూడా నవ్వాగలేదు.

కానీ నవ్వుతో అన్నీ తీరలేదు. వారు సభ్యులుగా ఉన్న సంఘం పేరు రెహోబోత్. ఇస్సాకు తవ్విన బావి పేరు అది. ప్రభువు మనకు ఎడము కలుగజేశాడని దాని భావం. 1950 ఆగస్టులో ఆ సంఘమే వారికి ఎడము లేదని తీర్మానించింది. తీర్మానం చదివినప్పుడు క్లారెన్స్ ఊళ్లో లేరు. ఆయన భార్య ఫ్లారెన్స్ గారే లేచి దానిని ఆమోదించమని ప్రతిపాదించగా సంఘమంతా తెల్లబోయింది. తర్వాత ఒక వృద్ధుడు కన్నీళ్లతో వచ్చి, తానూ వారికి వ్యతిరేకంగా నిలిచానని ఒప్పుకొని క్షమాపణ అడిగాడు.

1956లో నల్లజాతి విద్యార్థులకు కళాశాల ప్రవేశం కోసం క్లారెన్స్ సాయపడడంతో ద్వేషం బయటపడింది. వ్యాపారులు వారికి విత్తనాలు, ఎరువులు అమ్మలేదు, వారి గుడ్లు కొనలేదు. ఇన్సూరెన్సు రద్దయింది. రోడ్డు పక్కనున్న వారి అంగడిని డైనమైటుతో పేల్చారు. ఇండ్లపై కాల్పులు జరిపారు. అందరికంటె ఎక్కువ ప్రమాదం నల్లవారికే. చాలా నల్లజాతి కుటుంబాలు పొలం విడిచి వెళ్లవలసి వచ్చింది. మిగిలినవారు పీకాన్ గింజలను తపాలా ద్వారా దూరప్రాంతాలకు అమ్మి బ్రతికారు.

అన్నిటికంటె కష్టమైన సంభాషణ సొంత ఇంట్లో జరిగింది. న్యాయవాదియైన సహోదరుడు రాబర్ట్‌ను తమ పక్షాన వాదించమని క్లారెన్స్ అడిగారు. తన పదవీ ఆశలు పోతాయని రాబర్ట్ నిరాకరించారు. సిలువ వరకు యేసును వెంబడిస్తాను గాని సిలువ ఎక్కలేనన్నారు. అలాగైతే నీవు యేసును మెచ్చుకునేవాడివే గాని శిష్యుడివి కావని క్లారెన్స్ నెమ్మదిగా చెప్పారు. రాబర్ట్ గారు తర్వాత జార్జియా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు.

వినని జనులతో మాట్లాడడానికి క్లారెన్స్ మరో మార్గం వెదికారు. కొత్త నిబంధనలోని అనేక భాగాలను గ్రీకు నుండి జార్జియా పల్లె భాషలోకి తిప్పారు. అందులో యెరూషలేము అట్లాంటా అయింది. యూదులు, అన్యజనులు అన్నచోట తెల్లవారు, నల్లవారు అని వచ్చింది. రెండువేల ఏళ్ల నాటి దూరదేశపు గొడవగా చదివేవారికి అది తమ వీధి గొడవగా కనిపించింది.

1969 అక్టోబరు 29న తన చిన్న రాతగదిలో గుండె ఆగి ఆయన ప్రభువునందు నిద్రించారు. వయస్సు 57. శవపరీక్షాధికారి పొలానికి రావడానికి నిరాకరించగా, మిల్లర్డ్ ఫుల్లర్ అనే స్నేహితుడు తన కారులో దేహాన్ని పట్టణానికి తీసుకెళ్లారు. సామాన్యమైన చెక్కపెట్టెలో, పేరు రాయి లేకుండా, ఆ పొలంలోనే సమాధి చేశారు. పేదలకు ఇండ్లు కట్టాలని అక్కడ మొదలైన పని నుండే ఫుల్లర్ దంపతులు 1976లో హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థను స్థాపించారు. కొయినోనియా పొలం నేటికీ ఉంది.

ప్రియులారా, మనం సొంత ఊళ్లు విడిచి పరాయి రాష్ట్రాలలో స్థిరపడినవారం. కొత్త ముఖాన్ని చూసి గుడిలో తలలు తిరిగితే ఆ మనిషికి ఎలా ఉంటుందో మన పెద్దలకు తెలుసు. మరి మన సంఘంలో, మన ఇంటి పెండ్లి భోజనంలో, ఎవరిని చూసి మన తలలు తిరుగుతున్నాయి? రెహోబోత్ సంఘస్థులు దుర్మార్గులు కారు. ప్రార్థించేవారు, పాడేవారు, కానుకలిచ్చేవారు. ఆ సంగతి మనకు భయం పుట్టించాలి. వచ్చే ఆదివారం మన పక్కన ఖాళీ ఉంచి, అక్కడ కూర్చునేవారి పేరు అడిగి తెలుసుకుందాం.