నిజాంనూ అడిగారు.. ఎన్నికైన సర్కారునూ అడిగారు! ఓరుగల్లు మానవతావాది కాళోజీ జీవితం ఇదీ

ఎనుమాముల మార్కెట్ యార్డుకు పత్తి, మిర్చి తెచ్చే రైతులు మాట్లాడుకునే మాట ఉంటుంది కదా.. ఆ మాటతోనే కవిత్వం రాసి పద్మవిభూషణ్ దాకా వెళ్లారు ఒకాయన. ఆయనే ప్రజాకవి కాళోజీ నారాయణరావు. భాషా దినోత్సవం రోజు ఆయన ఫొటోకు దండలు వేస్తాం. అయితే ఆయన బతుకంతా పట్టుకున్న సూత్రం ఒకటుంది. కుర్చీలో ఎవరున్నా సరే, మనిషికి అన్యాయం జరిగితే అడగాల్సిందే.

1914 సెప్టెంబర్ 9న కర్ణాటకలోని రట్టిహళ్లిలో పుట్టారు. తల్లి కన్నడిగ, తండ్రిది మరాఠీ కుటుంబం. పెరిగింది మాత్రం వరంగల్ దగ్గరి మడికొండలో. అన్న రామేశ్వరరావే అండగా నిలిచి చదివించారు. లా పూర్తి చేసినా కాళోజీ మనసంతా ఉద్యమాల మీదే. నిజాం పాలనను ఎదిరించి జైలుకెళ్లారు. వరంగల్ నుంచి బహిష్కరణకూ గురయ్యారు.

నిజాం పోయాడు. మరి కాళోజీ ఊరుకున్నారా? లేదు. 1953లో 'నా గొడవ' తొలి సంపుటి వచ్చింది. పేరుకు తన గొడవే, లోపలంతా జనం గొడవ. 1958 నుంచి రెండేళ్లు ఎమ్మెల్సీగా పనిచేశారు. మొదట విశాలాంధ్రను సమర్థించారు. తర్వాత తెలంగాణకు అన్యాయం జరుగుతోందనిపించి ప్రత్యేక రాష్ట్రం వైపు నిలబడ్డారు.

అసలు పరీక్ష ఎమర్జెన్సీ కాలంలో వచ్చింది. 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఎదురుకాల్పులని పోలీసులు చెప్పారు. ఎమర్జెన్సీ ముగిశాక 1977లో ఇలాంటి ఘటనలపై నిజం తేల్చేందుకు జయప్రకాశ్ నారాయణ్ ఒక కమిటీ వేశారు. దానికి నాయకుడు వి.ఎం. తార్కుండే. యూరప్‌లో ఏళ్ల తరబడి గడిపి వచ్చి, మనిషి స్వేచ్ఛే అన్నిటికన్నా ముందు అంటూ ర్యాడికల్ హ్యూమనిజాన్ని ప్రతిపాదించిన ఎం.ఎన్. రాయ్ అనుచరుడాయన. ఆ కమిటీలో కాళోజీ కూడా సభ్యుడు. పట్టుకుని కాల్చేశారని కమిటీ తేల్చింది. చనిపోయినవాళ్లు నక్సలైట్లు కదా అని కాళోజీ పక్కకు తప్పుకోలేదు. ఎవరి ప్రాణమైనా ప్రాణమే, చట్టం అందరికీ ఒకటే అన్నది ఆయన పట్టు.

అంతటితో ఆగలేదు. తర్వాత వచ్చిన ఎన్నికల్లో సత్తుపల్లికి వెళ్లి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీదే పోటీకి దిగారు. ఓడిపోయారు. ఓటమితో ఆ గొంతు మాత్రం మూగబోలేదు. 1992లో పద్మవిభూషణ్ వచ్చింది. పురస్కారం అందుకున్నాక కూడా పౌరహక్కుల మాట మానలేదు.

2002 నవంబర్ 13న కాళోజీ కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం పార్థివదేహాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకి అప్పగించారు. ఇప్పుడు వరంగల్‌లోని హెల్త్ యూనివర్సిటీది ఆయన పేరే. తెలంగాణలో డాక్టర్ చదివేవాళ్ల పట్టాల మీద కనిపించే పేరు, చనిపోయాక కూడా వాళ్ల చదువుకు ఒళ్లిచ్చిన మనిషిది.