ఒంటి తీగతో మొదలైన పాట: జిమీ హెండ్రిక్స్

మన వార్షికోత్సవ సంచికలో జీవిత చరిత్ర అంటే అంబేడ్కర్, ఫూలే, జాషువా గార్లవే ఎక్కువగా ఉంటాయి. ఈసారి మేము అమెరికాకు చెందిన ఒక నల్లజాతి గిటారు వాద్యకారుడి గురించి రాస్తున్నాం. ఆయన పాటలు విన్నవారు మనలో తక్కువే కావచ్చు. ఆయన బాల్యం మాత్రం మనకు కొత్తగా అనిపించదు.

జిమీ హెండ్రిక్స్ 1942 నవంబరు 27న సియాటిల్ నగరంలో జన్మించాడు. ఇంట్లో పేదరికం, తాగుడు, తగాదాలు. 1951లో తల్లిదండ్రులు విడిపోయారు, 1958లో తల్లి చనిపోయింది. చీపురునే గిటారుగా పట్టుకు తిరిగే ఈ పిల్లవాణ్ణి చూసి, బడిలోని సామాజిక కార్యకర్త పేదపిల్లల నిధి నుంచి ఒక గిటారు ఇప్పించమని ఉత్తరం రాసింది. అది మంజూరు కాలేదు. (మంజూరు అనే మాట బరువు మనకు చెప్పాలా!) 1957లో తండ్రితో కలిసి ఒక ముసలామె ఇంట్లో చెత్త ఎత్తేస్తుంటే, ఒకే తీగ మిగిలిన ఉకులేలే అనే చిన్న వాయిద్యం దొరికింది. రేడియో పాటలు విని ఆ ఒక్క తీగ మీదే స్వరాలు వెతుక్కున్నాడు. మరుసటి ఏడు 5 డాలర్లకు పాత గిటారు కొన్నాడు. ఎడమచేతి వాటం వాడు కనుక కుడిచేతి గిటారును తిరగేసి, తీగలు మార్చి వాయించేవాడు.

1961లో సైన్యంలో చేరి పారాచూట్ దళంలో పనిచేశాడు. 1962లో బయటికొచ్చాక లిటిల్ రిచర్డ్, ఐస్లీ బ్రదర్స్ వంటి వారి వెనుక నిలబడి వాయించాడు. ఆ రోజుల్లోనే, 1965లో, న్యూయార్క్‌లో ఒక నిర్మాతతో మూడేళ్ళ ఒప్పందం మీద సంతకం పెట్టాడు. చేతికొచ్చింది 1 డాలరు, రాయల్టీ నూటికి 1 వంతు.

1966లో చాస్ చాండ్లర్ అనే ఆంగ్లేయుడు ఆయన్ని లండన్ తీసుకెళ్ళాడు. నోయెల్ రెడింగ్, మిచ్ మిచెల్‌లతో కలిసి జిమీ హెండ్రిక్స్ ఎక్స్‌పీరియన్స్ బృందం ఏర్పడింది. 1967 మే నెలలో తొలి ఆల్బమ్, డిసెంబరులో రెండోది వచ్చాయి.

ఆ రెండో ఆల్బమ్ కథ చెప్పుకోదగ్గది. సగం పాటల మాస్టర్ టేపును జిమీ టాక్సీలో మరచిపోయాడు. ఇక రాత్రంతా కూర్చొని ఆ పాటల్ని మళ్ళీ మిక్స్ చేశారు. ఒక పాట మాత్రం ముందులా కుదరలేదు. దాని కాపీ రెడింగ్ దగ్గర ఉంది కానీ టేపు ముడతలు పడిపోయింది. దాన్ని ఇస్త్రీ చేసి వాడుకున్నారు! ఇంకో వింత, ఆ అట్ట మీద బొమ్మ మన విష్ణుమూర్తి విశ్వరూపం. జిమీకి అది నచ్చలేదు. తన వంశంలో అమెరికా ఆదివాసుల రక్తం ఉందని నమ్మిన ఆయనకు ఇండియన్ అంటే వాళ్ళే.

1968లో వచ్చిన ఎలక్ట్రిక్ లేడీలాండ్ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. మా దృష్టిలో ఆయన పనిలో అదే గొప్పది. 1969 ఆగస్టు 18 ఉదయం వుడ్‌స్టాక్ ఉత్సవంలో అమెరికా జాతీయ గీతాన్ని గిటారు మీద వాయిస్తూ, మధ్యలో బాంబుల మోతలు, సైరన్ల అరుపులు వినిపించాడు. అది వియత్నాం యుద్ధకాలం.

ఇంతలో పాత సంతకం వెంటాడింది. పేరు రాగానే ఆ నిర్మాత కోర్టుకెక్కాడు. రాజీలో భాగంగా జిమీ ఒక ఆల్బమే వదులుకోవలసి వచ్చింది. బిల్లీ కాక్స్, బడ్డీ మైల్స్ అనే ఇద్దరు నల్లజాతి కళాకారులతో కలిసి న్యూయార్క్‌లో కచేరీ చేసి రికార్డు చేసిన బ్యాండ్ ఆఫ్ జిప్సీస్ అలా వచ్చిందే.

అద్దె స్టూడియోలకు విసిగి న్యూయార్క్‌లో సొంతంగా ఎలక్ట్రిక్ లేడీ స్టూడియో కట్టించుకున్నాడు. 1970 ఆగస్టు 26న ప్రారంభోత్సవం జరిగింది. సెప్టెంబరు 18న లండన్‌లో నిద్రమాత్రలు ఎక్కువై చనిపోయాడు. వయసు 27 ఏళ్ళు. ఆయన పాటల హక్కుల కోసం తండ్రి కోర్టులో పోరాడి 1995లో సాధించుకున్నాడు.

వినాలనుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆల్ ఎలాంగ్ ది వాచ్‌టవర్‌తో మొదలుపెట్టండి. రాసింది బాబ్ డిలన్, కానీ ఆ తర్వాత డిలన్ కూడా కచేరీల్లో ఇంచుమించు జిమీ పద్ధతిలోనే పాడుతూ వచ్చాడు.